అరచెయ్యి గారు

కరెంటుతో నడిచేది ఏది కనబడినా దాని వెనక్కి వెళ్ళి అరచెయ్యి ఆనించి చూడందే ఆయనకు కుదురుండదు. ఫ్యాక్టరీలో ఆయన ఉద్యోగమూ దాదాపు అదే. కొత్త మోడల్ ఏదైనా ఆపేశాక కూడా కరెంటు తాగుతోందా, పాడైతే విప్పి బాగుచేసే వీలుందా అని పర్యావరణ నియమాల ప్రకారం చూసి సంతకం పెట్టాలి. అందరూ ఆయన్ని అరచెయ్యి గారనేవారు. ఎదురుగానే అనేవారు, ఆయనా పలికేవారు.

చిక్కల్లా ఆ చెయ్యి ఫ్యాక్టరీ గేటు దగ్గర ఆగకపోవడమే. డిజైన్ విభాగంలో కొత్తగా చేరిన అమ్మాయి మొదట విన్న కథ ఇదే: జ్వరంతో ఉన్న బావమరిదిని పలకరించడానికి వెళ్ళి, అరచెయ్యి గారు అతని మంచం దాటుకుని తిన్నగా టీవీ వెనక్కి చేరారట.

"బావా, జ్వరం నాకు."

"నీది రేపటికి తగ్గుతుందిలే. దీన్ని చూడు, ఆపినా కాలుతోంది."

ఆ అమ్మాయి కడుపుబ్బ నవ్వింది. తన మొదటి డిజైన్ ఆయన బల్ల మీదికి వెళ్ళేదాకా.

అది టేబుల్ ఫ్యాను. ఎక్కడా ఒక్క స్క్రూ కనబడదు. అందం చెడుతుందని అడుగుభాగాన్ని జిగురుతో అతికించేసింది. ఈ ఫ్యాను గట్టెక్కితేనే ఉద్యోగం ఖాయమని మేనేజరు ముందే చెప్పాడు.

ఆయన తిరగేసి చూశారు. "లోపల వైరు తెగితే ఎలా విప్పుతారమ్మా?"

"కొత్తది కొనుక్కుంటారు సార్."

ఆయన ఫ్యాను వంక మంచాన పడ్డవాణ్ణి చూసినట్టు చూశారు. సంతకం పెట్టలేదు.

మోడల్ ఆగిపోయింది. మేనేజరు ఇద్దర్నీ పిలిపించాడు.

"ఈ జిగురు ఎవరి తెలివి?"

ఆమె నోరు తెరిచేలోపే, "నాదే," అన్నారు అరచెయ్యి గారు. "అతికించి చూడమన్నాను. తీరా చూసి నేనే వద్దన్నాను. వయసు మీదపడుతోంది కదా."

జిగురంటేనే ఒంటికాలిమీద లేచే మనిషి ఆ మాట అంటుంటే మేనేజరు చాలాసేపు ఆయన ముఖంలోకే చూశాడు. నమ్మలేదని తెలుస్తూనే ఉంది. చివరికి, "సరే, మార్చి తెండి," అన్నాడు.

బయటికొచ్చాక ఆమె అడిగింది. "నా తప్పు మీరెందుకు నెత్తినేసుకున్నారండీ?"

"నన్ను ఉద్యోగంలోంచి తియ్యరులేమ్మా. తీసేస్తే పొద్దస్తమానం వాళ్ళ ఇళ్ళకే వస్తానని భయం."

ఆమె నవ్వబోయి ఆగింది. మధ్యాహ్నం కూర్చుని ఫ్యానుకు స్క్రూలు గీసింది. దాచకుండా, కనబడేట్టే గీసింది.