ఐసు మీద గీతలు చదివే హిల్యా

మా ఊళ్లో మంచు మీద నడిచే స్నోమొబైల్ బండికి వెనక తిరిగే రబ్బరు పట్టా జారకుండా ఉక్కు మేకులు బిగించేవాళ్లు అరడజను మంది ఉన్నారు. పని తెలిసిన మనిషి ఒక్కతే: హిల్యా తువోమెలా. మిగతా అయిదుగురిలో నేనూ ఒకణ్ణి, కాబట్టి ఈ మాట నమ్మొచ్చు.

ఆమెకు అరవై ఏడేళ్లు. మిల్లులో ఇరవై రెండేళ్లు రంపాలకు పదును పెట్టింది. మిల్లు మూతపడ్డాక తన పాత పశువుల కొట్టంలో ఈ పని మొదలుపెట్టింది. ఎవరైనా వచ్చి నూట నలభై మేకులు కొట్టమంటే కప్పులో కాఫీ పోసి, "లెక్క నాకొదిలెయ్. ఎక్కడ జారావో చెప్పు" అంటుంది.

పోయిన ఫిబ్రవరిలో మా అక్క మార్నీ జారింది. అక్క నర్సు. చలికాలం రోడ్డు మూసేస్తారు గనక పద్దెనిమిది మైళ్లు అడవి దారిన బండి మీద వెళ్లి, సరస్సు అవతలి ముసలివాళ్లకు కట్లు కట్టి, ఇంజెక్షన్లు ఇచ్చి వస్తుంది. వంతెన దాటాక దిగుడులో ఒక వంపుంది. అక్కడ మంచు కరిగి మళ్లీ గడ్డకట్టి అద్దంలా తయారైంది. బండి తిరగకుండా తిన్నగా చెట్లలోకి పోయింది.

నేను వెంటనే వెనక పట్టాకు ఇంకో నలభై ఎనిమిది మేకులు కొట్టాను. రెండోసారి ఇంకా తిన్నగా పోయింది. ఈసారి అక్క మోకాలు వాచింది. ఆ తర్వాత బండి తాళం ముట్టుకోలేదు. సోమవారానికి వెళ్లలేకపోతే ఆ ఇళ్లు ఇంకో నర్సుకు ఇస్తామన్నారు ఆఫీసువాళ్లు. పదకొండేళ్లుగా అక్క చూసుకుంటున్న మనుషులు వాళ్లు.

"ఇంకో నలభై కొడదామా?" అన్నాను.

"నన్ను చంపేదాకా ఆగవా నువ్వు?" అని అక్క హిల్యాకు ఫోన్ చేసింది.

శనివారం పొద్దున ముగ్గురం ఆ వంపు దగ్గర కలిశాం. అక్క బండిని నాచేత మెల్లగా ఒకసారి తిప్పించి, హిల్యా ఐసు మీద బోర్లా పడుకుంది. బండి వదిలిన గీతల వెంట బొటనవేలి గోరు పెట్టి పాకింది.

"ఒరేయ్ కోల్, ఇలా రా. ఇవి నీ మేకుల గీతలు. దున్నినట్టున్నాయి. మరివి ముందు బండిని తిప్పే స్కీల గీతలు. ఇవీ గీతలేనా?"

వెన్న పూసినట్టు మెరుస్తున్నాయి, అంతే.

"వెనకనుంచి ఎద్దులా నెడుతోంది. ముందు పట్టుకునేది ఏమీ లేదు. ఇంక బండెలా తిరుగుతుందిరా? కాలేజీలో చెప్పలేదా?"

"చెప్పేలోపే మానేశాను అత్తా."

"అనుకున్నాలే."

వారం రోజుల్లో అక్క నవ్వడం అదే మొదటిసారి.

మధ్యాహ్నం నేను అదనంగా కొట్టిన నలభై ఎనిమిది మేకులూ నాచేతే పీకించింది. పట్టాలో ఆ చిల్లులు మాత్రం నా తెలివికి గుర్తుగా మిగిలాయి. స్కీల కింద నున్నగా అరిగిన కడ్డీలు తీసేసి, పదునైన గట్టి అంచు ఉన్నవి వేసింది. నేను రెండేళ్లుగా వాటివైపు వంగి చూసిందే లేదు.

"సరిపోతుందా?" అంది అక్క.

"ముందు పట్టుకున్నంతే వెనక నెట్టాలి. ఇప్పుడు రెండూ సమంగా ఉన్నాయి. వంపుకి ముందే నెమ్మదించు. లోపలికొచ్చాక బ్రేకు పట్టావంటే నేనేం చెయ్యలేను తల్లీ."

సోమవారం ఏడింటికి నేను వంపు దగ్గరికి వెళ్లేసరికి హిల్యా అక్కడే ఉంది, ఎవరూ పిలవకుండానే. అక్క దిగుడు పైన ఆగిపోయింది. చాలాసేపు కదల్లేదు. నేను అరవబోతే హిల్యా నా చెయ్యి పట్టుకుంది.

"నోర్ముయ్. తనంతట తనే రానీ."

అక్క వచ్చింది. స్కీలు కరకరమంటూ ఐసును కోశాయి. బండి ఒద్దికగా వంపు తిరిగింది. అక్క మావైపు చూడలేదు, ఆగలేదు. సరస్సు వైపు వెళ్లిపోయింది.

చప్పుడు పూర్తిగా వినిపించకుండా పోయేదాకా హిల్యా అలాగే నిలబడింది. తర్వాత నావైపు తిరిగింది.

"ఈ చలికాలం ఇంకెవరెవరి బండ్లకు కొట్టావురా మేకులు?"

ఆరు పేర్లు చెప్పాను.

"స్కీలు చూశావా?"

"లేదు."

"ఎక్కు బండి" అంది. "ముందు దగ్గర్లో ఉన్నవాడింటికి పోదాం."