వీడియో మామ కోసిన చోటు

కొన్నేళ్లుగా ఒక ప్రశ్న నన్ను వదల్లేదు: ఇరవై ఏళ్ల కిందటి నా పెండ్లి వీడియోలో ఒకచోట ఏం కోసేశారు? జవాబు తెలిసినవాళ్లు ఇద్దరే. వాళ్లలో ఒకాయన పోయిన నెల బాగేపల్లిలో కన్నుమూశాడు. మా ఇంట్లో పిల్లలందరం ఆయన్ని వీడియో మామ అనేవాళ్లం.

కబురు చెప్పింది ఆయన కూతురు. "నాయన పోయినాడక్కా. కాఫీ తాగి కంప్యూటర్ ముందర కూర్చున్న్యాడు. పిలిస్తే పలకలా."

చింతామణిలో నేను పనిచేసే కాలేజీ స్టాఫ్ రూములో నిలబడి ఆ మాట విన్నాను. ముందు నాకు ఏడుపు రాలేదు. ఇంకెవరిని అడగాలి అనిపించింది. ఆ తర్వాత సిగ్గేసింది, ఆ తర్వాతే ఏడుపు. వచ్చిన వరుస అది, మార్చి రాయలేను.

ఆయన మాకు బంధువు కాదు. మా ఊరు గూళూరు నుంచి బాగేపల్లికి ఏ పనిమీద వచ్చినా అమ్మ సంచులు ఆయన స్టూడియోలో పెట్టి బజారుకు పోయేది. ఆమె తమ్ముడా అనేది, ఆయన అక్కా అనేవాడు. అట్లా నాకు మామ అయ్యాడు. నా పెండ్లికి కెమెరా పట్టిందీ ఆయనే.

అప్పటికి మా నాయనకూ అన్నకూ మూడేళ్లుగా మాటల్లేవు. చేనులో బోరు ఎక్కడ వేయాలన్న దగ్గర మొదలైన గొడవ. ముహూర్తం అయ్యాక నేను చీర మార్చుకోవడానికి లోపలికి వెళ్లాను. ఆ కాసేపట్లోనే అన్న వేదిక ఎక్కి, అందరి ముందూ నాయన కాళ్లకు వంగాడు. వంగినవాడి భుజం మీద నాయన చెయ్యి పడింది. అన్న తూలాడు, లేచాడు, భోజనం చేయకుండా వెళ్లిపోయాడు. నాయన తనను తోసేశాడని అన్న నమ్మకం. తల వంచుకుని ఉన్నాడు కనుక చూసింది లేదు, భుజానికి తెలిసిందే తెలుసు. మోకాళ్ల నొప్పికి ఆసరాగా పట్టుకున్నాడని అమ్మ అంటుంది. దీవించబోయాడని చెప్పినవాళ్లూ ఉన్నారు. ఏడాది తిరక్కుండానే నాయన పోయాడు. ఇప్పటికీ తిథికి అన్న వస్తాడు, చేయాల్సినవన్నీ చేస్తాడు, నాయన ఫోటోకు మాత్రం మొక్కడు.

వీడియోలో చూద్దామంటే, సరిగ్గా అన్న వంగిన చోట బొమ్మ మెల్లగా కరిగిపోయి తాంబూలాల తట్ట వస్తుంది.

"టేపు అయిపాయ పాపా ఆడ," అన్నాడు మామ. "కొత్తది ఎక్కించేలోపల అంతా ముగిసిపాయ."

నమ్మాను. అడగడానికి అప్పుడు నాకు ఏమీ తెలియదు.

కాలేజీలు మూతపడి పాఠాలన్నీ ఫోన్లలో చెప్పాల్సి వచ్చిన రోజుల్లో నేనూ వీడియోలు చేయడం మొదలుపెట్టాను. చరిత్ర పాఠం కనుక నంది గుడి స్తంభాలు, శాసనాలు తీసుకొచ్చి అతికించేదాన్ని. ఒక క్లిప్పు నుంచి ఇంకో క్లిప్పుకు మెల్లగా మారేటట్టు డిసాల్వ్ పెడితే, ఒకచోట బొమ్మ ఫోటోలాగా బిగుసుకుపోతోంది. ఇంకోచోట నల్లగా ఒక్క మెరుపు కొట్టి పోతోంది. వారం తంటాలు పడి, బస్సులు తిరగడం మొదలవగానే లాప్‌టాప్ తీసుకుని ఆయన దగ్గరికి పోయాను.

"ఈ సాఫ్ట్‌వేర్ పాడైంది మామా."

"వచ్చినోళ్లందరూ దాన్నే అంటారు. ముందు నిన్ను నువ్వు అనుమానించుకో పాపా, ఆ తర్వాత దాని పని పడదాం."

ఆయన క్లిప్పులన్నీ వరుసగా పరిచి ఉండే టైమ్‌లైన్‌ను పెద్దది చేశాడు, ఇంకా పెద్దది చేశాడు. రెండు క్లిప్పుల మధ్య వెంట్రుకంత సందు కనిపించింది. "చూస్తివా? ఒక్క ఫ్రేము. అతుక్కున్నాయని నువ్వు అనుకుంటాండావు, అవి అతుక్కోలా. ఆ సందులోంచే నలుపు కొడతాండాది." రెండోది జరిపి మొదటిదానికి ఆనించాడు. మెరుపు పోయింది.

బిగుసుకుపోయే చోట, రెండు క్లిప్పుల నడుమ డిసాల్వ్ అని చూపే చిన్న పెట్టె మీద ఏటవాలు గీతలు పడి ఉన్నాయి. నేను వాటిని పట్టించుకోనే లేదు.

"ఒక బొమ్మ పోతా ఇంకోటి వస్తాంటే, రెండూ కొంచేపు ఒకదాని మీద ఒకటి ఉండాల గదా? దానికి మొదటి క్లిప్పులో, నువ్వు కోసినాక కూడా కొంచెం మిగిలి ఉండాల. నువ్వు కొసదాకా వాడేస్తివి. అది యాడనుంచి తెస్తాది పాపం? కడాకరి ఫ్రేమునే పట్టుకోని నిలబడతాది. ఈ గీతలు అదే చెప్తాండాయి. సెకను ముందరే కోసుకో, సరిపోతాది."

కోశాను. బొమ్మ కదులుతూ కరిగింది. "మేడమ్ పాస్," అన్నాడు.

ఆయనకు దేని మీదా నమ్మకం ఉండేది కాదు. అరువు తెచ్చిన కేబులు, ఎండాకాలం కరెంటు, ఐదు నిమిషాల్లో వస్తామన్న పెండ్లికొడుకు తరఫువాళ్లు, ఏదీ నమ్మడు. "ప్రివ్యూ బాగుందని పొంగిపోవద్దు, రెండర్ అయి ఫైలు బయటికి వచ్చినాక మొత్తం కూర్చోని చూడాల," అనేవాడు. షూటింగులో పని ముగిశాక కూడా వెంటనే కెమెరా ఆపేవాడు కాదు. పెదవులు కదిలిస్తూ ఐదు దాకా లెక్కపెట్టేవాడు. ఫోన్లోనూ అంతే. సరే పాపా అన్నాక కూడా పెట్టేయడు, కాసేపు ఊరికే పట్టుకుని ఉంటాడు. ఎందుకు మామా అంటే, "ఇంకా ఏమన్నా చెప్తావేమోనని." ఆ కాసేపట్లో నేను చెప్పుకున్నవి ఎన్నో ఉన్నాయి. వాటికి ఆయనకు రుణపడి ఉన్నాను.

ఆయన నేర్పిన కంటితోనే ఇంటికి వచ్చి పెండ్లి వీడియో పెట్టుకున్నాను. అన్న వంగుతున్నాడు. డిసాల్వ్ మొదలైంది. బొమ్మ ఎక్కడా బిగుసుకోలేదు. కరిగిపోతున్నంతసేపూ నాయన చెయ్యి కిందికి దిగుతూనే ఉంది, వెనక ఒకావిడ కొంగు సర్దుకుంటూనే ఉంది. టేపు అక్కడే అయిపోయి ఉంటే కదలడానికి ఏముంటుంది? సెకను మిగులు ఉండి, దాన్నే వాడుకున్నాడేమో అని నాకు నేనే చెప్పుకుని చూశాను. కానీ అన్నీ ముగిశాక కూడా ఐదు లెక్కపెట్టే మనిషి, పెండ్లి మధ్యలో టేపు అయిపోనిస్తాడా?

అడగడానికి ఏడాది పట్టింది.

"మామా, టేపు అయిపోలేదు."

ఏ టేపు అని ఆయన అడగలేదు. నాకు అక్కడే తెలిసిపోయింది.

"నేను నేర్పించిందాంతోనే నన్ను పట్టుకుంటివే," అని నవ్వి, ఆ తర్వాత చెప్పాడు. ఏ పెండ్లి వీడియో అయినా కాపీలు చేసేముందు ఆ ఇంటి పెద్దామెను పిలిపించి, ఒక్కదాన్నే కూర్చోబెట్టి చూపించడం ఆయన పద్ధతి. ఎవరు అలిగారో, ఎవరు ఎవరిని చూసి మొహం తిప్పుకున్నారో ఆమెకే తెలుస్తుంది. ఆమె వద్దన్నది తీసేస్తాడు. మా పెండ్లికి మా అమ్మ వచ్చి కూర్చుంది.

"ఆ ముక్క ఇద్దరమూ నాలుగుసార్లు తిప్పి తిప్పి చూస్తిమి పాపా. అక్కకు ఒకటి కనపడింది, నాకు ఇంకోటి కనపడింది. చూసిన ఇద్దరికే కుదరలా. ఊరంతా చూస్తే ఎన్ని మాటలు పుడతాయి? తీసేస్తిమి."

"ఎవరికి ఏది కనపడింది?"

"అది మాత్రం అడగొద్దు."

"ఆ టేపు ఉందా?"

"దాని మీద ఇంకో పెండ్లి ఎప్పుడో ఎక్కింది."

అమ్మను అడిగితే చేట పక్కన పెట్టి నా వైపు చూసింది. "అప్పుడెప్పుడో జరిగింది నాకేం గుర్తుండాది? నీకు పిల్లోళ్లకు పాఠం చెప్పే పని లేదా?"

నిజంగానే ఇద్దరికీ రెండు రకాలుగా కనపడిందా? లేక అది ఎవరు చూసినా తోసేయడమేనా, నా కోసం మామ ఒక కథ అల్లాడా? అతుకు కనిపించకుండా కోయడం వచ్చిన మనిషి, మాటలనూ అట్లాగే కోయగలడు. ఆయన మీద నాకున్న ప్రేమ ఈ అనుమానాన్ని తుడవలేదు. ఈ అనుమానం ఆ ప్రేమనూ తగ్గించలేదు.

ఆయన శవం దగ్గర అమ్మ చాలాసేపు కూర్చుంది. లేచేటప్పుడు, "మంచోడు. అన్నీ కడుపులో పెట్టుకోని పాయ," అంది. నేను తల తిప్పి చూసేసరికి చెప్పులు వెతుక్కుంటోంది.

పదకొండో రోజు భోజనాల దగ్గర చూపించడానికి ఒక చిన్న వీడియో చేసిపెట్టమని ఆయన కూతురు నన్ను అడిగింది. "నాయన దగ్గర కూర్చోని నేర్చుకున్నది నువ్వే గదక్కా." అందరినీ తీసినవాడిని తీసినవాళ్లు తక్కువ. చుట్టాల ఫోన్లలో దొరికినవన్నీ ఏరుకొచ్చాను. అందులో ఒకటి ఆ అమ్మాయి నిశ్చితార్థానిది. తను కోరుకున్నవాడినే చేసుకుంటానంటే మామ రెండు నెలలు ముభావంగా ఉండి ఒప్పుకున్న సంగతి ఎవరికీ దాపరికం కాదు. క్లిప్పులో ఆమె ఆయన నోటికి మైసూర్‌పాక్ అందిస్తుంది, అంతలో ఎవరో పిలిస్తే అటు తిరుగుతుంది. ఆ నాలుగు సెకన్లలో ఆయన మొహం పక్కకు తిప్పుకుంటాడు. షుగర్ ఉన్న మనిషి, డాక్టరు తీపి ముట్టొద్దన్నాడు. అందుకేనా? ఎన్నిసార్లు చూసినా ఒక్కోసారి ఒక్కోలా ఉంది.

ఆయన తల తిప్పకముందే కోసి, డిసాల్వ్ పెట్టాను. ఎక్కడా బిగుసుకోలేదు.

భోజనాలయ్యాక ఆమె నన్ను పక్కకు పిలిచింది. "స్వీటు పెట్టిన చోట ఇంకా ఉండాదా అక్కా?"

"ఉంది."

"పంపిస్తావా? నాయన తిన్న్యాడో లేదో నేను చూడనే లేదు."

"చూస్తాను," అన్నాను.

రెండు వారాలైంది. ఆమె ఇంకోసారి అడగలేదు. మామ మా ఇంటికి చేసింది మేలో కీడో నేను తేల్చుకోలేకపోయాను. ఈ పిల్లకు నేను చేస్తున్నదేమిటో కూడా తెలియడం లేదు. ఆ ముక్కను పంపలేదు, చెరపలేదు. అది నా లాప్‌టాప్‌లో ఆపిన చోటే ఉంది: ఆమె ఎవరినో చూసి నవ్వుతోంది, మైసూర్‌పాక్ ఆయన పెదవులకు అంగుళం దూరంలో ఆగి ఉంది, ఆయన కిటికీ వైపు చూస్తున్నాడు.