తెల్ల కోకలో ఎస్తేరమ్మ

ఈ సంగతి ఏళ్లుగా నా గుండెల మీద కూర్చుని ఉంది. చెప్పేద్దామని ఎన్నోసార్లు నోరు తెరిచి, మళ్లీ మింగేశాను. ఇవాళ మీరడిగిన ప్రశ్నకు జవాబు రాద్దామని కూర్చుని, అది రాయలేక, ఇది రాస్తున్నాను.

మీరు అడిగింది చిన్న ప్రశ్నే. మనుషుల ఫొటోలు బాగా తీయాలంటే, కొత్తగా నేర్చుకునేవాళ్లు ఏ కెమెరా కొనాలి? మార్కాపురం చుట్టుపక్కల మెడలో కెమెరా వేసుకున్న ప్రతివాడూ నన్ను ఇదే అడుగుతాడు. నేనూ పెద్దమనిషిలా చెబుతూ వచ్చాను. చేతికి బరువు కానిది తీసుకోండి, వాడిన కెమెరా అయినా ఫర్వాలేదు, మొదట్లో దాంతో వచ్చే లెన్సే చాలు. మన ఎండలో మిట్టమధ్యాహ్నం ఎవరినీ బయట నిలబెట్టకండి. వసారా నీడలో కూర్చోబెట్టి ముఖం వెలుతురు వైపు తిప్పండి, కంటి మీద ఫోకస్ పెట్టండి. అన్నీ నిజాలే. కానీ ఎదుట కూర్చున్న మనిషికి ఎలాంటి ఫొటో కావాలో ఎలా తెలుసుకోవాలి అని ఒక్కడంటే ఒక్కడు అడగలేదు. అడగనందుకు నాకు ఒళ్లు మండుతుంది. మరి నేను అడిగానా? నాకు అడగాల్సిన పని కూడా లేకపోయింది. నా ఎదుట కూర్చున్న ఆమే నోరు తెరిచి చెప్పింది. విని కూడా నేనేం చేశాను?

నేను బడిపంతుల్ని. తర్లుపాడు దగ్గర మా ఊరు. కొంచెం పొలం ఉంది. ఎస్తేరమ్మ అని ఒక ముసలామె మా నాయన కాలం నుంచీ ఆ పొలంలో కలుపు తీసేది, మిరపకాయలు కోసేది. నేను అవ్వా అని పిలిచేవాణ్ని. ఆమె నన్ను నాయనా అనేది.

కెమెరా కొన్న కొత్తలో నాకు పోటీల పిచ్చి పట్టింది. ఆ పోటీల్లో ఎలాంటి ఫొటోలు గెలుస్తాయో మీకూ తెలిసే ఉంటుంది. ముడతలు కావాలి. చిరిగిన గుడ్డ కావాలి. కళ్లలో తడి ఉంటే మరీ మంచిది. పట్నం నుంచి గుంపుగా వచ్చి, మేకలు కాసుకునే మనిషి ముఖం మీద కెమెరా పెట్టి, ఎంత సహజంగా ఉందో అంటారు. ఏమిటండీ సహజం? తల దువ్వుకుని, ఉతికిన చొక్కా వేసుకుంటే మనిషి సహజం కాకుండా పోతాడా? వాళ్ల పిల్లల ఫొటోలు అలా తీయించుకుంటారా? ఇప్పుడు ఇంత కోపంగా అడుగుతున్నాను గానీ, అప్పుడు ఆ గుంపులో ముందు నిలబడింది నేనే.

మా వైపు పెద్దవాళ్లకు ఫొటో అంటే ఒక పద్ధతి ఉంది. నిటారుగా కూర్చోవాలి. నవ్వకూడదు. పాదాలు కనపడాలి. క్రైస్తవుల ఇళ్లలోనైతే తెల్ల కోక కట్టుకుని ఒళ్లో బైబిలు పెట్టుకుంటారు. రేపు మనిషి పోయాక శవపెట్టె దగ్గర పెట్టేది ఆ ఫొటోనే, తర్వాత గోడకెక్కేదీ అదే. నాలుగు ముక్కలు చదివి, నాలుగు వీడియోలు చూసిన నాకు ఆ పద్ధతి నవ్వులాటగా ఉండేది.

ఆ రోజు కెమెరాతో ఎస్తేరమ్మ ఇంటికి వెళ్లాను. వెళ్లగానే ఆమె జొన్నరొట్టె, పచ్చడి పెట్టింది. తిన్నాకే ఏదైనా అంది. కడుపునిండా తిన్నాను. కూలి మనిషి ఇంట్లో కూర్చుని తింటున్నాను, నాదెంత మంచి మనసో అని లోపల మురిసిపోయాను కూడా. అదీ నా బుద్ధి.

ఫొటో తీస్తానని చెప్పగానే ఆమె లేచింది.

"ఉండు నాయనా, తల దువ్వుకోని తెల్ల కోక కట్టుకోనొస్తా."

"వద్దవ్వా, ఇట్లనే బాగుంది."

"ఏంది బాగుండేది? కలుపుకు పొయ్యే కోక ఇది. చూసినోళ్లు నవ్వరా?"

"ముందు ఇట్ల తీస్తా. తర్వాత తెల్ల కోకలో తీస్తాలే."

అలా ఒప్పించాను. ఒప్పించి ఊరుకున్నానా? జుట్టు ముడి విప్పమన్నాను. భుజం మీద చిరుగు కనపడేలా పైట జరుపుకోమన్నాను. ఆమె ఒక్క క్షణం నా ముఖం వంక చూసి, విప్పింది. మా పొలంలో పని చేసే మనిషి, కాదని ఎలా అంటుంది? ఈ సంగతి నాకు అప్పుడు తెలియదా? తెలుసు. తెలిసే అడిగాను. వసారా నీడ, పక్కనుంచి వెలుతురు, కంటి మీద ఫోకస్. అన్నీ కుదిరాయి.

తర్వాత ఆమె లోపలికి వెళ్లి వచ్చింది. నున్నగా దువ్విన తల, తెల్ల కోక, చేతిలో బైబిలు. పక్కింట్లోంచి ప్లాస్టిక్ కుర్చీ అడిగి తెచ్చుకుంది. గోడకు ముందు వేసుకుని, పాదాలు సర్దుకుని కూర్చుంది.

"పాదాలు పడాల నాయనా. నేను పొయినాక పెట్టెకాడ పెట్టుకునేది. నీట్‌గా తియ్యి."

తీశాను. ఒక్కటే తీశాను. తెర మీద చూసుకుంటే కట్టెలా బిగుసుకుని ఉంది. ఇంతలో ఆమె చేతులు కనపడ్డాయి, బైబిలు మీద ఆ పగిలిన వేళ్లు. దగ్గరగా తీస్తే బాగుంటుందనిపించింది. నొక్కితే మెమరీ కార్డు నిండిపోయిందని వచ్చింది. కొత్తగా నేర్చుకునేవాళ్లు చేసే తప్పు ఇదే. చిన్న కార్డొకటి వేసుకుని బయల్దేరతారు, అక్కడికక్కడే చూసుకుంటూ, నచ్చనివి చెరుపుతూ పోతారు. నాకు అక్కర్లేనిది ఏదా అని వెతికాను. జుట్టు విరబోసుకున్న ఫొటోలు ఒకటికి పది ఉన్నాయి. వాటిలో ఒక్కటి తీసేస్తే సరిపోయేది. నేను చెరిపింది తెల్ల కోక ఫొటోని.

"బాగొచ్చిందా నాయనా?" అని ఆమె కుర్చీలోంచే అడిగింది.

"బాగొచ్చిందవ్వా. ప్రింటు తీయించి తెచ్చిస్తా."

ఆ తర్వాత ఆమె చేతుల్ని ఫొటో తీసుకున్నాను. సంతోషంగా చాపింది.

పోటీలో నాకు బహుమతి వచ్చింది. విరబోసిన జుట్టు ఫొటోకే. దానికి 'ఆకలి' అని పేరు పెట్టాను. ఆకలి! నాకు అన్నం పెట్టిన మనిషికి ఆ పేరు పెట్టాను. వేదిక మీద మైకు పుచ్చుకుని, పొలం గట్టున పస్తులతో కూర్చుని ఉంటే నా కంటబడిందని చెప్పాను. చప్పట్లు కొట్టారు. ఒక పెద్దాయన కళ్లు తుడుచుకున్నాడు. ఆ పెద్దాయన మీద కూడా నాకు కోపమే. బతికున్న మనిషి ఏమడిగిందో అక్కర్లేదు గానీ, ముడతలు చూసి ఏడవడానికి మాత్రం అందరూ సిద్ధం.

ఎస్తేరమ్మ పొలంలో ఎదురుపడినప్పుడల్లా ఫొటో సంగతి అడిగేది. ఇస్తాలే అవ్వా అనేవాణ్ని. మళ్లీ వెళ్లి ఇంకొకటి తీసి ఉండొచ్చు కదా? ఎంత పని అది? బడి నుంచి వచ్చే దారిలోనే ఆమె ఇల్లు. కానీ మళ్లీ తీస్తానంటే మొదటిది ఏమైందని అడుగుతుంది. ఆ ఒక్క ప్రశ్నకు భయపడి, ఎన్నో సాయంత్రాలు ఆ ఇంటి ముందు నుంచే బండి మీద వచ్చేశాను. కొన్నాళ్లకు ఆమె అడగడం మానేసింది. హమ్మయ్య అనుకున్నాను.

తర్వాత ఒకరోజు ఆమె పోయింది. అర్ధవీడు వైపు కాపురం ఉంటున్న కూతురు రూతమ్మ ఆ మధ్యాహ్నమే మా ఇంటికి వచ్చింది. ఏడ్చి ఏడ్చి గొంతు పోయింది.

"అన్నా, తెల్ల కోకలో నువ్వు ఫొటో తీసినావంట గదా. మాయమ్మ ఎప్పుడూ చెప్పేది. అది కావాల."

"కార్డు చెడిపోయింది రూతమ్మా. అన్నీ పోయినాయి."

ఆమె నా వెనక గోడ వైపు చూసింది. బహుమతి ఫొటో అక్కడే వేలాడుతోంది.

"అది పోలేదే?"

"అది వేరే కార్డు," అన్నాను. ఎంత తొందరగా వచ్చిందో ఆ అబద్ధం! పైగా, కావాలంటే ఇది తీసుకుపో అని కూడా అన్నాను. రూతమ్మ దగ్గరికి వెళ్లి చూసింది.

"మాయమ్మ తల దువ్వుకోకుండా వాకిలి దాటేది కాదన్నా. దీన్ని పెట్టెకాడ ఎట్ల పెట్టాల?"

ఆధార్ కార్డులోని ఫొటోను పెద్దది చేయించి పెట్టెకాడ పెట్టారు. ముఖం చెదిరిపోయి, ముక్కు ఎక్కడో కన్ను ఎక్కడో తెలియకుండా ఉంది. నేను వెనక నిలబడ్డాను. మాస్టరు వచ్చినాడు అని ముందుకు దారి ఇచ్చారు. ఇప్పటికీ వాళ్ల గోడ మీద ఉన్నది అదే. నా గోడ మీది ఫొటో తీసి అటక మీద పడేశాను. దాంతో ఏమైనా తీరిందా?

జ్ఞాపకార్థ కూడికకు పిలిస్తే వెళ్లాను. భోజనాల దగ్గర రూతమ్మ నా పక్కన కూర్చుంది. నేను సరిగ్గా తినడం లేదని చూసి, తనే నన్ను ఓదార్చింది. "పోనీలే అన్నా. నువ్వు మనసు కష్టపెట్టుకోబాక. మిషను చెడిపోతే నువ్వేం చేస్తావు?"

తిట్టి ఉంటే బాగుండేది. నేను చేసింది తెలియకుండానే క్షమించేసింది. ఆ క్షమాపణ నాది కాదు, మిషనుది. దాన్ని దొంగసొత్తులా ఇన్నేళ్లు దాచుకుని తిరుగుతున్నాను.

ఆమెకు చెప్పకుండా ముక్కూమొహం తెలియని మీకు చెప్పడం పిరికితనమే. ఒప్పుకుంటాను. మీరు అయ్యో అనకండి. పోనీలెండి అని అసలే అనకండి, అనే హక్కు మీకు లేదు. ఇంతదాకా రాసేసరికి ఊపిరి కాస్త తేలిగ్గా ఆడుతోంది. ఆడుతున్నందుకు కూడా సిగ్గేస్తోంది. అయినా మిగిలిన ఆ ఒక్క ముక్కా ఆమెకు ఎలా చెప్పాలో అలాగే ఇక్కడ రాస్తున్నాను.

మిషను కాదు రూతమ్మా. కార్డు చెడిపోలేదు. మీ అమ్మ తెల్ల కోక కట్టుకుని, కుర్చీలో కూర్చుని నా వైపే చూస్తుండగా, నేనే చెరిపేశాను.