పర్లేదంటే ఎక్కడో కరుస్తోందని

కాలిన నైలాన్ వాసన నాకిష్టమంటే మా ఇంట్లో నవ్వుతారు. సంచుల పట్టీ కోసినచోట పోగులు ఊడకుండా అంచును మంటకు చూపిస్తాం. ఈ ఉదయం ఆ పనిలో ఉండగా, మొన్న నా దగ్గర సంచి కుట్టించుకున్న మాస్టారు వచ్చారు. "ఎలా ఉందండీ?" అన్నాను. "పర్లేదండి" అన్నారు. ఆ మాటతో మా యోహానుగారు కూడా దుకాణంలోకి వచ్చి నిలబడ్డట్టయింది.

ఏలూరులో సంచులు కుట్టే ఆయన దగ్గరే నేను పని నేర్చుకున్నాను. భారీ మనిషి. ఎత్తంటే చచ్చేంత భయం. బల్బు మార్చాలంటే నన్ను స్టూలెక్కించి, కింద నిలబడి ఆయన కళ్లు మూసుకునేవారు. అలాంటాయన దగ్గరికి వట్లూరు కాలేజీలో చదివే దివ్య ఒక బెల్టు పట్టుకొచ్చింది. రాళ్లెక్కేవాళ్లు నడుముకూ తొడలకూ కట్టుకునేది. ఎత్తైనవంటే రైలు వంతెనా, కొల్లేటి చేపల చెరువు గట్లూ తప్ప మరేమీ లేని చోట ఈ పిల్లకు ఆ పిచ్చి ఎలా పట్టిందో నాకర్థం కాలేదు. తాడుకు వేలాడితే తొడ పట్టీలు ఒరుసుకుని కాళ్లు తిమ్మిరెక్కుతున్నాయట. కిందటి పోటీల్లో సగంలోనే దిగిపోయింది. ఈసారీ అంతే అయితే ఇక మానెయ్యాల్సిందేనని వాళ్ల నాన్న ఖరాఖండీగా చెప్పేశాడట.

"ప్రాణం మోసే పట్టీకి నేను సూది తగిలించనమ్మా. పైన మెత్తటి తొడుగు కుడతాను" అన్నారాయన. కుట్టాం. చేతులు జారకుండా రాసుకునే పొడికి, నడుము వెనక కట్టుకునే చిన్న సంచి కూడా కుట్టాం. దివ్య వాడి చూసి వచ్చి "పర్లేదండి" అని వెళ్లిపోయింది.

"విన్నావా అమ్మా? పర్లేదందంటే ఎక్కడో కరుస్తోందన్నమాట."

"పిలిచి అడుగుదామండి."

"అడిగితే మళ్లీ పర్లేదంటుంది. మన వైపు వాళ్ల మొహమాటం నీకు తెలీదా? నన్ను వేలాడదియ్యండి."

దివ్య కోచ్‌గారే తన పెద్ద సైజు బెల్టు తెచ్చి, అలాంటి తొడుగులే వేసి, దుకాణం దూలానికి తాడు కట్టారు. ఆయన్ని బల్ల ఎక్కించేసరికి మా తల ప్రాణం తోకకొచ్చింది. "ఇక బల్ల తియ్యండి" అన్నారు. తీశాం. "పెట్టెయ్యండి, పెట్టెయ్యండి!" అన్నారు ఆ మరుక్షణమే. నాకు నవ్వాగక చేతుల్లోంచి బల్ల జారిపోయింది. సరిగ్గా అప్పుడే జిప్పు ఊడిన బ్యాగుతో ఒకావిడ గుమ్మంలోకి వచ్చింది.

"ఏవండీ, యోహానుగారున్నారా?"

"ఉన్నానండి. కొంచెం పైనున్నాను, కూర్చోండి."

ఆవిడ పైకి చూసి, బ్యాగు అక్కడే వదిలేసి వెళ్లిపోయింది. ఆయన గాల్లో గుండ్రంగా తిరుగుతూ, ప్రార్థన మధ్యలో ఆపి, "తొడుగు వెనక్కి జారుతోందమ్మా, కుట్టు తొడ లోపలివైపు గుచ్చుకుంటోంది!" అని అరిచారు. దించాక కుంటుకుంటూ వెళ్లి కుర్చీలో కూలబడ్డారు. "తొడుగుంటేనే ఇంత నొప్పి, అది లేకుండా సగం దాకా ఎలా ఎక్కిందమ్మా ఆ పిల్ల?" అన్నారు. ఆయన కళ్లల్లో నీళ్లు చూసి నా నవ్వు ఆగిపోయింది. ఆ కుట్టును బయటివైపుకు మార్చాం.

పోటీ అయ్యాక దివ్య వాళ్ల నాన్నతో కలిసి వచ్చింది. ఆయన చేతిలో కొర్రమేను చేపల సంచి ఉంది. "పైదాకా ఎక్కేశానండి!" అంది. నేను చప్పట్లు కొట్టాను. యోహానుగారు మాత్రం కదల్లేదు.

"కాళ్లో?"

"తిమ్మిరెక్కలేదండి."

"మిగతాదంతా?"

"పర్లే..." అంటుండగానే ఆయన దూలం వైపు చూశారు. ఆయన వేలాడిన సంగతి కోచ్‌గారు చెప్పారేమో, పిల్ల గతుక్కుమంది. "పొడి సంచి మూతి ముడుచుకుపోతోందండి. చెయ్యి దూరట్లేదు."

"హమ్మయ్య!" అన్నారాయన, బహుమతి తనకే వచ్చినంత సంబరంగా.

వాళ్ల నాన్న మొహం చిన్నబోయింది. "కాళ్లు తిమ్మిరెక్కుతున్నాయని నాకు చెప్పలేదేంటమ్మా? భయపడి దిగిపోతున్నావనుకున్నాను."

"మీరడిగితే పర్లేదన్నాను కదా నాన్నా."

యోహానుగారు ఇప్పుడు లేరు. ఆ దూలం కింద నేను కూర్చుంటున్నాను. ఆయన లేకపోవడం నాకు పర్లేదు అనిపించిన రోజు ఇప్పటిదాకా లేదు. ఈ ఉదయం మాస్టారి సంచినిండా పుస్తకాలు కుక్కి, భుజానికి తగిలించి, బస్టాండు దాకా నడిచి రమ్మన్నాను. చెమటలు కక్కుతూ తిరిగొచ్చారు.

"అబ్బే, ఏం లేదండి... కుడి భుజం దగ్గర కొంచెం కరుస్తోంది."

హమ్మయ్య అన్నాను, దూలం వైపు చూస్తూ.