ముక్క కట్టిన సంగిడి

నా చిన్నప్పుడు, నెల్లిమర్లకు కోసెడు దూరంలోని మా ఊళ్లో, కుర్రకారు కసరత్తు చేసే తాలింఖానా గోడ మీద ఎర్రరంగుతో ఆరు పేర్లు ఉండేవి. పెద్ద సంగిడిని, అంటే ఇద్దరు కలిసి దొర్లించే ఆ బరువురాయిని, నేల మీంచి తలపైకి ఎత్తినవారి పేర్లవి. ఆస్తినో కులాన్నో చూసి రాసిన పేరు వాటిలో ఒక్కటీ లేదు. ఊరేగింపులో వెళ్లే పెళ్లికొడుకు సైతం అక్కడ ఆగి, చెప్పులు విడిచి దండం పెట్టుకునేవాడు.

అరవైల చివర్లో ఒక వేసవి సాయంత్రం, గోగునార మిల్లులో పనిచేసే మా చిన్నమావయ్య ఆ రాయిని ఎత్తాడు. మూడేళ్లుగా ఆయన ఎదురుచూసిన ఘడియ అది. ఊరంతా ఈలలు వేసింది. ఏడో పేరు రాయడానికి రంగులో కుంచె ముంచారు.

నాకప్పుడు తొమ్మిదేళ్లు. ప్రతిదానికీ ఎందుకని అడుగుతానని ఇంట్లో నన్ను ప్లీడరమ్మ అనేవారు. రాయి అంచున పెచ్చు ఊడిన చోటు తెల్లగా నా కంటపడింది. కిందటేడు రాయి జారిపడి విరిగినప్పుడు, ఆ ముక్కను మా అమ్మమ్మ ఏరి తెచ్చి పెరటి తలుపుకు అడ్డుగా పెట్టుకుంది.

"మావయ్యా, ఆ ఆరుగురూ ఎత్తిన రాయీ ఇదీ ఒకటేనేటి? ముక్క ఇరిగిపోనాది కదా!" అన్నాను.

జనం రాయి అంచు చూడడానికి ముందుకు వంగారు. తాలింఖానా నడిపే పెద్దాయన మాత్రం కసిరాడు. "నోర్ముయ్యే గుంటా! కొబ్బరికాయంత ముక్కకి ఏటి బరువుంటాది? ఎత్తీసినాడు, అయిపోనాది. నువ్వు రాయరా."

నేను అమ్మమ్మ కొంగు చాటుకు పోయాను. మావయ్య కుంచె పట్టినవాడి చెయ్యి ఆపి, "ఒసే ప్లీడరమ్మా, ఆ ముక్క అట్టుకురాయే" అన్నాడు.

తెచ్చాను. గోగునార తాడుతో దాన్ని సంగిడికి కట్టాడు. అప్పటికే ఒకసారి ఎత్తి అలసిన చేతులవి. రాయి మోకాళ్ల దాకా వచ్చి దిగిపోయింది. "రేపెత్తుదువులే బావా" అన్నారెవరో. ఆయన అరచేతులకు మట్టి రాసుకుని మళ్లీ వంగాడు. రాయి మోకాళ్లు దాటి రొమ్ముకు చేరింది. ముక్క మొన గుచ్చుకుని నెత్తురు చారగా దిగింది. చేతులు నిటారుగా లేచాయి. ఆ మనిషి వెనుక ఆకాశం చిన్నదిగా కనిపించింది.

ఈసారి ఈలలు లేవు. పెద్దలు ఒక్కొక్కరే లేచి నిలబడ్డారు. నన్ను కసిరిన పెద్దాయనే కుంచె అందుకుని పేరు రాశాడు. మావయ్య నన్ను భుజానికెత్తుకుని గోడ దగ్గరకు తీసుకెళ్లి, "సదవవే, సరిగ్గా రాసినాడో నేదో సూడు" అని నవ్వాడు.

తరువాత కళాశాలలో వాదించడం నేర్చుకున్నాను. ప్రశ్నలతో ఎదుటివారిని నిరుత్తరులను చేసి చప్పట్లు అందుకున్నాను. ఆ చప్పట్ల మధ్య ఒకటే తోచేది: ఆనాడు అడగడానికి నేను పోగొట్టుకున్నదేమీ లేదు, జవాబివ్వడానికి మావయ్య చేతికందిన గెలుపునే కింద పెట్టాడు.

ఆ తరువాత మా ఊళ్లో ఆ ముక్క కట్టకుండా ఎవరూ సంగిడి ఎత్తలేదు. ఈ వయసులో ఎవరైనా నన్ను మెచ్చి శాలువా కప్పబోతే, మెడ వంచే ముందు నన్ను నేనే అడుగుతాను: ముక్క కట్టే ఎత్తానా?