పెగూ దారిలో మంచు

కూర్మనాథం రోజూ తెల్లవారగానే లారీ మొహం కడిగేవాడు. తడిగుడ్డతో ముందు అద్దం, తర్వాత రెండు దీపాలు, చంటిపిల్ల కళ్లు తుడిచినంత మెల్లగా తుడిచేవాడు. "సింహాద్రి అప్పన్నా, నా కంటే ముందు దారి నీకే కనబడాల" అని దండం పెట్టుకుని అప్పుడు ఇంజను కదిపేవాడు. ఇతని స్నానం కంటే లారీ స్నానమే శుభ్రంగా ఉంటుందని బర్మాలోని పజుండౌంగ్‌లో మా వీధి ఆడవాళ్లు నవ్వేవారు. అతనూ నవ్వేవాడు. నవ్వుతూనే, కుళాయి దగ్గర ఎవరి బిందె బరువుగా కనిపిస్తే దాన్ని గుమ్మం దాకా మోసిపెట్టి పోయేవాడు.

పంతొమ్మిది వందల ఎనభై ఎనిమిదిలో సర్కారు మీద లేచిన గొడవలు అణిగాక వచ్చిన చలికాలం అది. మిల్లులు మూతబడ్డాయి. బయటి దేశాల సామాను రాదు. లారీ చెడిందంటే చచ్చిన లారీ ఎముకలు ఏరి తెచ్చి బిగించుకోవాల్సిందే. అలాంటి రోజుల్లో పని ఉన్నవాడే అదృష్టవంతుడు. కూర్మనాథానికి ఆ అదృష్టం తమలపాకుల షావుకారు ఆంజనేయప్రసాద్ గారి రూపంలో దొరికింది. ఆయనకు మూడు లారీలు. మంచి మనిషే, పండగ వస్తే డ్రైవర్ల పిల్లలందరికీ బట్టలు పెట్టేవారు. కాకపోతే తొందర మనిషి. వానా, మంచూ డ్రైవర్లు కల్పించుకున్న సాకులని ఆయన నమ్మకం. ఆ నమ్మకం ఎలా పోయిందో తర్వాత ఎప్పుడో ఆయనే మా అరుగు మీద కూర్చుని చెప్పారు.

ఒకనాడు టౌంగూ సంతకు ఆకు వేసుకుని బయలుదేరుతుంటే ఆయన కూడా లారీ ఎక్కారు. "మీరు దారిలో ఎక్కడెక్కడ కునుకు తీస్తారో సూస్తాను" అన్నారు. ఆయనా, ఆయన పక్కన ఒక ఆకుల గంపా కూర్చునేసరికి క్లీనరు నరసింహానికి చోటు లేకపోయింది. "ఒక్కరోజు ఇంటికాడుండు, కొంప మునిగిపోదు" అని దింపేశారు.

దారిలో పెగూ ఊరు దాటాక మంచు పట్టింది. కోత కోసిన చేలలోంచి పాలు పొంగినట్టు లేచి రోడ్డును కప్పేసింది. దీపాలు వేస్తే ఎదురుగా తెల్లగోడ. డో తిన్ అనే బర్మా ముసలమ్మ టీకొట్టు ముందు కూర్మనాథం లారీ ఆపాడు. అడక్కుండానే ఆమె రెండు కప్పులు టీ పోసి, చేతులు కాచుకోమని కుంపటి దగ్గరికి జరిపింది.

"ఏటి, ఆపేసినావు?" అన్నారు షావుకారు.

"మంచు బాబూ. పొద్దెక్కితే పోద్ది."

"పొద్దెక్కితే సంత కూడా పోద్ది! ఆకు ఎవుడు కొంటాడు, ఈ డో తిన్నా?"

"ఈ సలికి ఆకు సెడదు బాబూ. మనవే సెడతాం."

"నీ బయం నాకు తెల్దా? నా లారీ తోలడానికి పజుండౌంగ్‌లో మనుషులు నేరనుకున్నావా? తోల్తావా, తాళం ఇచ్చేస్తావా?"

కూర్మనాథం తల గోక్కున్నాడు. తాళం ఇచ్చేస్తే భార్య తాయారమ్మకూ ఇద్దరు ఆడపిల్లలకూ గంజి ఎక్కడినుంచి వస్తుంది? తోలితే ఎదురొచ్చే బండిలో ఎవరి భార్యాబిడ్డలున్నారో.

"ఎల్దాం బాబూ. మంచులో నరసింహం సేసే పని ఒకటుంది, అది ఎవులో ఒకలు సెయ్యాల."

"ఏటా పని?"

"తెల్ల తువ్వాలు ఈపు మీదేసుకుని లారీ ముందు నడుస్తాడు. ఆ తువ్వాలు సూసుకుని నాను తోల్తాను."

ఆ దారిలో డ్రైవర్లందరూ చేయించే పనే అది. షావుకారుకు పౌరుషం వచ్చింది. "ఓస్, అదెంత!" అని తువ్వాలు లాక్కుని దిగారు.

"రా, రా, ఏటలా నత్తలాగ!" అని కేకలేస్తూ కొంతదూరం హుషారుగానే నడిచారు. ఆ తర్వాత కేకలు తగ్గాయి. వెనక లారీ గుర్రుమంటోంది గానీ తిరిగి చూస్తే దీపాల మసక తప్ప లారీ లేదు. చెయ్యి చాపితే వేళ్లు లేవు. తన ప్రాణం వీపు మీది గుడ్డముక్కలో ఉందని అప్పుడు తెలిసిందట ఆయనకు. అంతలో ముఖానికి ఎదురుగా రెండు కొమ్ములు లేచాయి.

"ఓలమ్మో!" అంటూ పక్క చేలో పడ్డారు. తువ్వాలు మాయమవగానే కూర్మనాథం బ్రేకు తొక్కేశాడు. వచ్చింది ఎద్దుబండి. బండి తోలే బర్మా రైతు దూకి వచ్చి షావుకారును లేవదీశాడు. తన లుంగీ చెంగుతోనే ఆయన మొహం మీది బురద తుడిచి, చెప్పు వెతికి కాలికి తొడిగి మరీ వెళ్లాడు.

లారీని రోడ్డు పక్కకు తీసిపెట్టి, ఇద్దరూ నడుచుకుంటూ మళ్లీ టీకొట్టుకు వచ్చారు. కూర్మనాథం తన దుప్పటి తెచ్చి షావుకారుకు కప్పాడు. తాళం మాట ఇద్దరూ ఎత్తలేదు. టీ తాగి కప్పు కింద పెట్టి ఆయన మెల్లగా అన్నారు: "కూర్మా, నాను పడిన సంగతి ఊళ్లో ఎవులికీ సెప్పకు."

"నానేటి సెప్తాను బాబూ? ఆ మంచులో నాకేటి కనబడింది గనక?"

షావుకారు నవ్వారు. ఆ నవ్వు చూసి కూర్మనాథం కొంచెం దగ్గరికి జరిగాడు.

"నాకో ఉపకారం సెయ్యండి బాబూ. మిగతా రెండు లారీలోళ్లకి, మంచు పడితే ఆపెయ్యండ్రా అని మీ నోటితో ఒక్కమాట సెప్పండి. నాను సెప్తే ఆపరు, మీకు బయపడి తోలేస్తారు. ఆళ్లకీ పిల్లలున్నారు."