జపాను తోటలో అమ్మమ్మ వేసిన ముడి

నా చిన్నప్పుడు, నేను మూడో తరగతిలో ఉండగా, మా అమ్మమ్మ నన్ను చెట్టుకు కట్టేసింది. అల్లరి చేసినందుకు కాదు. మన దేశంలో కూడా కాదు. జపానులో, జనం టికెట్టు కొనుక్కుని చూసే ఒక పెద్ద బొటానికల్ గార్డెన్‌లో, నలుగురూ చూస్తుండగా కట్టేసింది. ఈ సంగతి చెబితే నవ్వేవాళ్లే ఎక్కువ. నవ్వుకోండి, నాకేం అభ్యంతరం లేదు. నాకు మాత్రం ఆ రోజు నవ్వు రాలేదు, ఇప్పటికీ రాదు.

అవి తొంభైల నాటి రోజులు. కంపెనీ పని మీద మా నాన్నను రెండేళ్లపాటు జపాను పంపితే, గుడివాడ నుంచి మమ్మల్నీ తీసుకెళ్లాడు. అక్కడ ఉండగానే అమ్మకు నెలలు నిండాయి. పురుడు పోయడానికి అమ్మమ్మ కాయం డబ్బా, వాము, కరివేపాకు పొడి మూటగట్టుకుని విమానం దిగింది. మోపిదేవి దాటి సముద్రం వైపు వెళ్తే వచ్చే ఊరు ఆవిడది. గుడివాడలో మా ఇంటికి రావడమే ఆవిడకు పెద్ద ప్రయాణం. అలాగని పిరికిది కాదు. వాకిట్లో పాము కనబడితే చీపురుతో అదిలించి, మళ్లీ అదే చీపురుతో ఊడవడం మొదలుపెట్టే మనిషి. మా అమ్మమ్మకు భయం అనేది ఉంటుందని నేను ఎన్నడూ అనుకోలేదు.

అమ్మకు ఒక చెల్లెలు ఉండేదనీ, నా అంత వయసులో ఉప్పెనలో పోయిందనీ నాకు తెలుసు. ఆ పిల్ల పేరు కూడా ఒకటి రెండుసార్లు విన్నాను. అంతకు మించి తెలియదు. ఆ ప్రస్తావన వస్తే చాలు, పెద్దవాళ్లు కూరలో ఉప్పు గురించి మాట్లాడటం మొదలుపెట్టేవారు.

కార్తీకమాసంలో ఒక ఆదివారం, అమ్మను పడుకోమని చెప్పి నాన్న మా ఇద్దరినీ ఆ తోటకు తీసుకెళ్లాడు. అద్దాల మేడలో అరటిచెట్టును చూసి అమ్మమ్మ తెగ సంబరపడింది. "మన పెరట్లో చెట్టుకి ఇంత వైభోగమా!" అని దాని ఆకును నిమిరింది. అక్కడి నుంచి బయటకు వచ్చేసరికి పొద్దు వాలిపోతోంది, చలిగాలి మొదలైంది. నాన్న మమ్మల్ని ఒక బెంచీ మీద కూర్చోబెట్టి, అమ్మకు ఫోన్ చేసి వస్తానని గేటు వైపు వెళ్లాడు.

మా ఎదురుగా పనివాళ్లు నిచ్చెనలెక్కి చెట్లకు తాళ్లు కడుతున్నారు. కొమ్మకొమ్మకూ ఒక తాడు కట్టి, మధ్యలో నిలబెట్టిన గుంజకు బిగిస్తున్నారు. మంచు బరువుకు కొమ్మలు విరగకుండా చలికాలానికి ముందు అలా కడతారని తర్వాత తెలిసింది. అప్పుడు చెప్పేవాళ్లు లేరు.

"చెట్లకి తాళ్లెందుకు కడతన్నారే?" అని అడిగింది అమ్మమ్మ. నాకు తెలియదన్నాను. ఆవిడ ఆకాశం వంక చూసింది. శాలువా దగ్గరకు లాక్కుంది. అంతలో చెట్ల మధ్య నుంచి మైకు మోగింది. ముందు ఏదో బాజా, తర్వాత ఒక ఆడగొంతు చెప్పిందే చెబుతోంది. బెంచీల మీద కూర్చున్న జనమంతా లేచి, సామాన్లు సర్దుకుని, పిల్లల చేతులు పట్టుకుని ఒకే వైపు నడవసాగారు.

తోట మూసే వేళయింది, అంతే. కానీ మా దివిసీమ మనిషికి అది ఎలా తెలుస్తుంది? కార్తీకంలో గాలి లేచి, మైకు మోగి, జనం తాళ్లు కడుతున్నారంటే మా వైపు దాని అర్థం ఒక్కటే.

"సముద్రం ఎంత దూరమే ఇక్కడికి?" అని అడిగింది. రైల్లోంచి రోజూ చూసేదాన్ని కాబట్టి, దగ్గరేనని ఉన్న మాట చెప్పాను. అంతే, నా చెయ్యి పట్టుకుని పరుగు లంకించుకుంది. ఆ పట్టుకు నా ఎముకలు నొప్పిపుట్టాయి. నాన్న వస్తాడు ఆగమని ఏడ్చినా వినలేదు. దారిలో ఎంతెంత పెద్ద చెట్లున్నా ఒక్కదాని దగ్గరా ఆగలేదు. "కొమ్మలున్న చెట్టు కూలిపోద్ది. తాడిచెట్టే నిలబడుద్ది" అంటూ వెతికి వెతికి, తాడిచెట్టు పోలికలున్న ఒక సన్నటి చెట్టుకు నన్ను ఆనించి, శాలువాతో చుట్టి ముడి వేసింది. పైనుంచి తన రెండు చేతులూ వేసి చెట్టును వాటేసుకుంది.

అప్పుడు నన్ను పేరు పెట్టి పిలిచింది. అది నా పేరు కాదు. ఉప్పెనలో పోయిన మా పిన్ని పేరు.

"ఈసారి వదల్నమ్మా. ఈసారి వదల్ను" అంటోంది. నీళ్లొస్తాయన్న భయం కంటే పెద్ద భయం నన్ను పట్టుకుంది. నా ముఖంలోకే చూస్తోంది, కానీ నన్ను చూడటం లేదు. "నేను అమ్మమ్మా, నేను!" అని అరిచాను. ఆవిడకు వినబడలేదు. ఇక అమ్మమ్మ వెనక్కి రాదేమో, నేను ఎప్పటికీ ఆ చచ్చిపోయిన పిల్లనే అయిపోతానేమో అనుకున్నాను.

తోట ఉద్యోగి ఒకతను పరుగున వచ్చి ముడి విప్పబోయాడు. అమ్మమ్మ ఒక్క కేక పెట్టి అతని చెయ్యి తోసేసింది. ఆ కేకకు జనం మూగారు. అతను మళ్లీ చెయ్యి చాచేసరికి, జనంలోంచి టోపీ పెట్టుకున్న ఒక ముసలావిడ ముందుకొచ్చి అతన్ని ఆపింది. తోట చూడటానికి వచ్చిన మనిషే. ముడి వంక చూడలేదు, నా వంకా చూడలేదు. అమ్మమ్మ ముఖం చూసింది. భుజాన ఉన్న సంచి కింద పెట్టి, చెట్టుకు అటువైపు వెళ్లి, తనూ చెట్టును వాటేసుకుంది. అమ్మమ్మ మణికట్లు రెండూ గట్టిగా పట్టుకుంది.

అలాగే ఉండిపోయాం. మైకు ఆగింది. గాలి వీస్తూనే ఉంది గానీ నీళ్లు రాలేదు. నా చెవి పక్కన అమ్మమ్మ ఊపిరి మెల్లగా నెమ్మదించింది. కాసేపటికి "ఏడుస్తున్నావేంటే?" అని నన్ను నా పేరుతోనే పిలిచి, ముడి తనే విప్పింది. నేను ఆవిడ నడుము పట్టుకుని వెక్కి వెక్కి ఏడ్చాను.

నాన్న రొప్పుతూ వచ్చాడు. "ఏంటత్తయ్యగారూ ఇది! తోట మూస్తున్నామని చెబుతున్నారండీ, అంతే" అంటూనే చుట్టూ ఉన్నవాళ్లకు వంగి వంగి క్షమాపణలు చెప్పాడు. సిగ్గుతో ఆయన ముఖం కందిపోయింది. ఉద్యోగి జరిగిందంతా చెప్పాక, పిల్లను విడిపించకుండా మీరూ పట్టుకున్నారేమిటని ముసలావిడను అడిగాడు. ఆవిడ నెమ్మదిగా ఏదో చెప్పింది.

"ఏవంటంది?" అని అడిగింది అమ్మమ్మ.

"మీ చేతులు వణుకుతున్నాయట. వణికే చేతుల్లోంచి బిడ్డను లాగకూడదంటున్నారు."

అమ్మమ్మ అక్కడే నేల మీద కూలబడింది. "లాక్కుపోయిందమ్మా. నా చేతుల్లోంచే లాక్కుపోయింది" అని ఆ ముసలావిడకు తెలుగులోనే చెప్పింది. మా ఇంట్లో ఎవరికీ చెప్పని మాట అది. ఆవిడకు ఒక్క ముక్కా అర్థం కాకపోయినా పక్కనే కూర్చుని చివరిదాకా విన్నది. గేటు వెయ్యాల్సిన ఉద్యోగి కూడా మమ్మల్ని లేవమనలేదు.

ఇప్పుడు నేను బందరులో ఉంటున్నాను. తుఫాను కబురు వచ్చినప్పుడల్లా మా ఎదురింటి మామ్మగారు వీధి తలుపు గడియ వేసి, దాన్ని రెండు చేతులతో అదిమిపట్టి నిలబడతారు. మన వైపు రాదని టీవీలో చెప్పారండీ అని కోడలు నచ్చజెబుతుంది, మనవలు నవ్వుతారు. నేను దొడ్డిదారిన వాళ్లింటికి వెళ్లి, మామ్మగారి పక్కన నిలబడి ఆ తలుపు పట్టుకుంటాను. ఏమీ కాదని చెప్పను. ఆవిడ చేతులు తీసేదాకా నేనూ తియ్యను.